మకడేమియా తిన్న కుక్కలు

కుక్కలు వాసన పట్టేశాయి!

గొలుసులు ఒక్కసారిగా లాగుతాయి. అలువానీ భుజాలు ఊడొచ్చినంత పని అవుతుంది.

ముందు డేంజర్. పక్కనే బోనీ. వెనకాల రైఫిల్ పట్టుకుని మామ.

పొద్దు వాలింది. కొండ మీది నుంచి మంచు దిగుతోంది... మకడేమియా చెట్ల వరసల మధ్య నాలుగు చెట్ల అవతల ఏమీ కనబడడం లేదు.

పడిపోండి, అనుకుంటాడు అలువానీ. ఇంకా ఎందుకు పడరు?

కుక్కలు పడవు. ఇంకా గట్టిగా లాగుతాయి!

మధ్యాహ్నం వాటి సంకటిలో మకడేమియా పప్పు నూరి కలిపింది అతనే. మనుషులు ఆ పప్పును డబ్బాల్లో కొనుక్కుని గుప్పెడు గుప్పెడు తింటారు. కుక్కలకు మాత్రం పడదు. కొన్ని గంటల్లో వెనక కాళ్ళు చచ్చుబడతాయి. ప్రాణం పోదు, రెండు రోజుల్లో లేచి తిరుగుతాయి. అందుకే కాయలు రాలే కాలంలో ఈ తోటలోకి ఏ కుక్క వచ్చినా మూతికి చిక్కం ఉండాలి. కట్టేది అలువానీ. విప్పేది అలువానీ. ఇంకొకరు చెయ్యి పెడితే ఆ చెయ్యి మిగలదు.

ఈ మంచులో ఎక్కడో ముందు పరిగెడుతున్నది మశుదు.

షెడ్డులో పప్పు ఏరే మనిషి. ఇద్దరు పిల్లల తల్లి. ఊళ్ళో అలువానీ వాళ్ళ ఇంటికి మూడిళ్ళ అవతల ఉంటుంది. నిన్న షెడ్డు వెనకాల లారీలోకి బస్తాలు ఎక్కిస్తుంటే ఫోన్‌లో వీడియో తీసింది. ఎక్కిస్తున్నది దొంగలు కాదు. తోట సెక్యూరిటీ హెడ్ రవేలే.

అలువానీకి సొంత మేనమామ.

వీడియో సంగతి మామకు తెలిసిపోయింది. మధ్యాహ్నం గేటు దగ్గర ప్లాన్ చెప్పాడు. షిఫ్టు వదిలాక దాన్ని దొంగ అని తరుముదామన్నాడు. కంచె దాటేదాకా తరిమితే తర్వాత సంగతి కుక్కలు చూసుకుంటాయట. కుక్కలు మిగిల్చింది రైఫిల్ చూసుకుంటుందట. పప్పు దొంగ చచ్చింది అంటే ఈ లోయలో ఎవడూ రెండో ప్రశ్న వెయ్యడన్నాడు. చెబుతూ ఎండు మాంసం నములుతున్నాడు. పళ్ళ సందులోంచి ఒక పీచు లాగి, వెలుతురులో పెట్టి చూసుకుని, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

అలువానీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అమ్మ తోడబుట్టినవాడు వీడా?

కాదంటే గొలుసులు పక్కన పెట్టించి జీపులో తరుముతాడు. జీపుకు మకడేమియా పెట్టలేం. మశుదుతో ఒక్క ముక్క చెబుదామంటే షెడ్డు గుమ్మంలో మామే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అందుకే అలువానీ తలూపాడు. తలూపి నేరుగా సంకటి కుండ దగ్గరికి వెళ్ళాడు.

ఇప్పుడు ఆ సంకటి ఏమైంది?

డేంజర్ మొరుగుతుంది. చిక్కంలోంచి చొంగ కారుతోంది.

తొక్కల గుట్ట దాటుతారు. కుళ్ళిన తొక్కల వాసన గొంతులోకి దిగుతుంది. చెట్ల మీది కంపు పురుగు ఒకటి అలువానీ మెడ మీద పడుతుంది. అదిమేస్తాడు. ఛీ! ఆ కంపు చేతికి పట్టుకుంటుంది. ప్యాంటుకు తుడిచినా పోదు. ఇవాళ్టికి ఇంకేదీ పోదేమో అనిపిస్తుంది.

గాలికి అడ్డంగా వేసిన సిల్వర్ ఓక్ వరస వస్తుంది. దాని వెనకే కంచె. ముళ్ళతీగకు ఒక తలగుడ్డ వేలాడుతోంది.

పచ్చది. మశుదుది!

"దాటేసింది" అంటాడు మామ. గొంతులో సంతోషం.

కంచె అవతల తోట లేదు. కొండ. రాళ్ళు. నల్లగా కాలి మళ్ళీ చిగిర్చిన ప్రోటియా పొదలు.

మామ తీగలు ఎత్తి పట్టుకుంటాడు. ఆయాసపడుతూనే వాగుతాడు. ఆ మధ్య మొక్కల ఆఫీసర్ ఒకాయన వచ్చి మకడేమియా, సిల్వర్ ఓక్, ఈ ప్రోటియా అన్నీ ఒకే కుటుంబం అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట మామ ఇంకా మర్చిపోలేదు.

"చూశావా అల్లుడూ? ఆస్ట్రేలియా నుంచి వచ్చింది డబ్బులు రాలుస్తోంది. ఇక్కడే పుట్టింది పువ్వు పెట్టుకుని కొండెక్కి కూర్చుంది. కుటుంబం ఒకటైతే సరిపోద్దా, బుర్ర ఉండాలి. నాకుంది. మీ అమ్మకి లేదు. నీ సంగతి చూద్దాం."

నవ్వుతాడు. నోట్లో మాంసం కనబడుతుంది.

"చిక్కాలు తియ్."

అలువానీ వంగుతాడు. బకిల్ దగ్గర వేళ్ళు కావాలనే తడబడతాయి. డేంజర్ అతని ముంజేతిని నాకుతుంది. దాని కళ్ళలోకి చూడలేకపోతాడు.

"గొలుసులు కూడా."

తీస్తాడు.

"ఇంక చెప్పు."

ఈ కుక్కలు మామ మాట వినవు. ఎవరి మాటా వినవు. అలువానీ పట్టు అంటే పట్టుకుంటాయి, ఎదురుగా ఉన్నది ఎవరో చూడవు. వదులు అనేదాకా వదలవు. పోయినేడు ఒకసారి గేటు స్తంభాన్ని పట్టుకుంటే పన్ను విరిగింది, అప్పుడూ వదల్లేదు డేంజర్.

రైఫిల్ గొట్టం అలువానీ వీపుకు తగులుతుంది. మెత్తగానే.

"పట్టు" అంటాడు అలువానీ.

తన గొంతు మీద తనకే అసహ్యం వేస్తుంది.

కుక్కలు మంచులోకి దూకుతాయి!

పరుగు. రాళ్ళు. ప్రోటియా కొమ్మలు మొహానికి కొడుతున్నాయి. ఎండిపోయిన పాత పువ్వులు కాళ్ళ కింద పటపటమంటున్నాయి. ముందు మొరుగుడు... ఇంకా ముందు... ఒక ఆడమనిషి కేక!

అయిపోయింది. అంతా అయిపోయింది.

మొరుగుడు ఆగిపోతుంది.

మంచులోంచి ముందు బోనీ కనబడుతుంది. కూర్చుని ఉంది. లేవబోతుంది. వెనక కాళ్ళు లేవవు. మళ్ళీ లేవబోతుంది. తడి బట్టలా కూలబడుతుంది.

ఇంకొంచెం పైన డేంజర్. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూనే ఉంది. ఒక పెద్ద ప్రోటియా పొదకు బారెడు దూరంలో ఆగి, పొట్ట ఎగదన్ని, భళ్ళున వాంతి చేసుకుంటుంది.

ఆ పొద అడుగున ఒక పాదం. చెప్పు లేదు. కదలడం లేదు... వేళ్ళు మాత్రం వణుకుతున్నాయి.

బతికే ఉంది!

అలువానీ పక్కకు జరిగి పొదకు అడ్డంగా నిలబడతాడు.

మామ రొప్పుతూ వస్తాడు. ముందు బోనీ దగ్గర ఆగుతాడు, తర్వాత పైకి వస్తాడు. అది విషం పెట్టింది అంటూ మశుదును అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి తిడతాడు. నడుముకున్న పిస్తోలు తీసి అలువానీ చేతిలో పెడతాడు.

"రెంటినీ కాల్చెయ్. అరుస్తూ చస్తే ఊరంతా వింటారు."

పిస్తోలు చల్లగా ఉంది. డేంజర్ తల ఎత్తి అలువానీ వైపే చూస్తోంది. ఏం తప్పు చేశానన్నట్టు తోక ఒకసారి నేలకు కొడుతుంది.

కాలిస్తే తన మీద అనుమానం రాదు. కాల్చకపోతే...

"వద్దు మామా. లేస్తాయి."

"లేస్తాయా?"

"రెండ్రోజులు పోతే లేస్తాయి."

మామ నమలడం ఆపేస్తాడు. తాపీగా డేంజర్ పక్కన గొంతుకు కూర్చుంటాడు, రైఫిల్ మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని. వాంతిలో వేలు పెడతాడు. కెలుకుతాడు. ఒక తెల్ల ముక్క తీసి, రెండు వేళ్ళతో నలిపి, వాసన చూస్తాడు.

కాళ్ళు పడిపోవడం దాకా ఆలోచించాడు అలువానీ. తిన్నది కక్కుతాయని ఆలోచించలేదు.

"చిక్కం కట్టేది ఎవడు అల్లుడూ?"

అలువానీ పిస్తోలును గట్టిగా పట్టుకుంటాడు.

"విప్పేది ఎవడు?"

మామ అదే వేలు తన ప్యాంటుకు రాసుకుని, జేబులోంచి ఇంకో ఎండు మాంసం ముక్క తీసి కొరుకుతాడు. అదే చేత్తో!

రైఫిల్ గొట్టం మెల్లిగా తిరుగుతుంది. అలువానీ ఛాతీ మీద ఆగుతుంది.

పిస్తోలు ఎత్తుతాడు అలువానీ. ట్రిగ్గర్ నొక్కుతాడు.

టక్!

ఖాళీ.

"బోనీ కూలబడినప్పుడే గుళ్ళు తీసేశాను" అంటాడు మామ. భుజాలు కదిలేలా నవ్వుతాడు. "పక్కకి జరుగు. వెనకాల పొదలో అది ఉందిగా. ముందు అది, తర్వాత నువ్వు. మీ అమ్మకి నేనే కబురు చెబుతాలే, ఏడిస్తే ఓదారుస్తాను."

ఆ మొహం డేంజర్ మూతికి జానెడు దూరంలో ఉంది.

డేంజర్‌కు కాళ్ళు పడిపోయాయి. దవడ పడిపోలేదు.

"పట్టు" అంటాడు అలువానీ.

ఢాం!

రైఫిల్ పేలుతుంది. ప్రోటియా పువ్వు ఒకటి ముక్కలై ఎగురుతుంది. పొద ఊగిపోతుంది... ఆగిపోతుంది.

ఒక క్షణం ఏ శబ్దమూ లేదు. తర్వాత గుర్రుమంటున్న శబ్దం ఒకటి మొదలవుతుంది. అది కుక్కదో మనిషిదో తెలియదు.

పొదలోంచి మశుదు పాకుతూ వస్తుంది. చెంప గీసుకుపోయింది. ఒళ్ళంతా మట్టి. గుండు తగల్లేదు. ఫోన్ ఇంకా గుప్పిట్లోనే ఉంది.

రైఫిల్‌ను కాలితో దూరంగా తన్నేస్తుంది. తర్వాత చూస్తుంది.

మామ వెల్లకిలా పడి ఉన్నాడు. డేంజర్ అతని మెడ పట్టుకుంది. మామ మడమలు రాళ్ళను తన్నుతున్నాయి. కళ్ళు అలువానీ వైపు తిరిగి ఉన్నాయి. ఏదో అనబోతున్నాడు. నోట్లో మాంసం ముక్క ఇంకా ఉంది.

మశుదు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. చూడలేక తల తిప్పుకుంటుంది.

"చాలు తమ్ముడూ" అంటుంది. "నేను బతికే ఉన్నాను. వీడియో ఉంది. పోలీసులు చూసుకుంటారు. ఆ మాటేదో చెప్పు, వదిలేస్తుంది."

అలువానీ మెడ మీద చెయ్యి పెట్టుకుంటాడు. కంపు పురుగు వాసన ఇంకా పోలేదు.

"ఏ మాట అక్కా?" అంటాడు.