ఐసు గది తలుపు

ఆ తుఫాను పట్టుమని ఒక పూట కూడా బతకలేదు. తీరం చేరకముందే చల్లారిపోతుందని రేడియోలో చెప్పారు. ఆ మాట నమ్మి రేవులో పడవలన్నీ తెల్లారగానే కదిలాయి. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే అక్క ఒక్కతే తమ్ముణ్ణి ఆపాలని చూసింది. అమ్మానాన్నలు పోయాక చంకనేసుకుని పెంచిన పిల్లాడు. మీసాలొచ్చాక వింటాడా? నవ్వుతూ పడవెక్కాడు.

మధ్యాహ్నానికే చీకటి కమ్మింది. గాలి పైకప్పు రేకుల్ని ఊడబెరికింది. కరెంటు పోయింది. కరెంటు పోతే చల్లదనం జారిపోకుండా ఐసు గదిని వెంటనే మూసెయ్యాలి. మూశాక తలుపు తట్టి, లోపల ఎవరైనా చిక్కుకున్నారేమోనని చెవి ఆనించి వినాలి. అక్కడి పద్ధతి అది.

అక్క తట్టింది.

లోపలి నుంచి ఎవరో తట్టారు... మెల్లగా.

పక్కనున్న ముసలి మేస్త్రి గొంతు తగ్గించాడు. "ఉన్నది మనిద్దరమే కదమ్మా... తియ్యకు."

"అక్కా... చలేస్తోంది."

తమ్ముడి గొంతు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. సముద్రం మీదున్నవాడు ఇక్కడెలా ఉంటాడన్న ఆలోచనే రాలేదు. మేస్త్రి చెయ్యి విదిలించుకుని తలుపు లాగింది. చీకటి. ఉప్పు వాసన... నానిన తాళ్ల వాసన. ఐసు దిమ్మలు తప్ప ఎవరూ లేరు.

"చిన్నోడా... నేనేరా. వచ్చెయ్."

గాలి టక్కున ఆగిపోయింది.

సాయంత్రం ఎండ కూడా కాసింది. పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఆఖర్న తమ్ముడి పడవ కనిపించగానే ఆమె రేవుకు పరుగెత్తింది. అందరూ దిగారు. వాడు లేడు. పడవ నడిపే సరంగు తలెత్తలేకపోయాడు.

"గాలివానలో వాడికి చీమైనా కుట్టలేదమ్మా. అంతా సద్దుమణిగాక... నీళ్లలోంచి నీ గొంతు వినిపించింది. అందరం విన్నాం. చిన్నోడా, నేనేరా, వచ్చెయ్ అని..."

"వాడు?"

"వస్తున్నానక్కా అని దిగిపోయాడు. పట్టుకునేలోపే..."

ఆమెకు ఏడుపు రాలేదు. పిలిచింది తనే. ఆ పిలుపును ఇక వెనక్కి తీసుకోలేదు. కాళ్లీడ్చుకుంటూ ఫ్యాక్టరీకి వచ్చింది. ఐసు గది తలుపు మూసి ఉంది.

గుమ్మంలో ఆమెను చూడగానే మేస్త్రి గోడకు అతుక్కుపోయాడు.

"ఇప్పుడేగా..." అన్నాడు. "చిన్నోడి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లావు..."