ఎవరూ అడగని మూట

మా వీధిలో ఎవరి గుట్టయినా రెండు చోట్ల తేలుతుంది. ఒకటి నా కిటికీ. రెండోది మా గోడకు ఆనుకుని ఉన్న లాండ్రీ. కంపౌండరుగారి చొక్కా జేబులో దొరికే తలపిన్నులు, హెడ్మాస్టరుగారి ప్యాంటుకు లోపలివైపు వేసిన అతుకులు, 'నాకసలు చెమటే పట్టదండీ' అనే బ్యాంకు మేనేజరుగారి కాలర్లు... ఇవన్నీ నేనెవరికీ చెప్పను. అడిగితేనే చెబుతాను. అడగకపోతే అడిగేదాకా కూర్చుంటాను.

లాండ్రీ నడిపినావిడ నాకు వదిన. చుట్టరికం ఏమీ లేదు, మధ్యన గోడ ఒకటే కాబట్టి వదిన. బట్టలు తీసుకోగానే మెడపట్టీ లోపల రంగుదారంతో చిన్న గుర్తు కుట్టేది, ఒకరివి ఒకరికి పోకుండా. మాకు పసుపు చుక్క. కంపౌండరుగారికి ఆకుపచ్చ గీత. వదినకు కత్తెరతో పనిలేదు. కుట్టడం అవగానే మొహం వంచి దారం కొస పళ్ళతో కొరికేది. టక్. ఇవతల వంటింట్లో ఉన్న నాకు కూడా వినిపించేది.

నల్లదారంతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కుట్టిందంటే దాని అర్థం వేరు. ఎంతకాలమైనా తీసుకెళ్ళడానికి ఎవరూ రాని బట్టలవి. నల్లదారం పడ్డాక సొంతదారు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా ఇచ్చేది కాదు. "వదిలేసి పోయినప్పుడు లేని ప్రేమ ఇప్పుడెందుకు?" అనేది. అలాంటి బట్టలు వెనకగదిలో తీగల మీద వేలాడుతుండేవి. వాటిని తను కట్టుకునేదీ కాదు, అమ్మేదీ కాదు. తనవి, అంతే.

కూతురు కూడా ఆమెకు అలాగే వచ్చింది. ఒక పొద్దున కొట్టు తలుపు తీస్తే, గుమ్మంలో పెట్టిపోయిన మాసిన బట్టల మూటల్లో ఒకటి ఏడుస్తోంది. దుప్పటి విప్పితే పసిగుడ్డు. ఆఫీసుల చుట్టూ తిరిగి, సంతకాలు పెట్టి, పద్ధతిగానే దత్తత తీసుకుంది లెండి. వంక పెట్టడానికి లేదు. నేను వెతికాను కూడా. అన్నీ అయ్యాక ఇంటికొచ్చి, పిల్లను చుట్టి ఉన్న దుప్పటి అంచుకు నల్లదారం కుట్టింది. నా కళ్ళముందే. టక్.

వీధిలో ఆ పిల్లకు 'మూట' అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టిందెవరో నన్నడక్కండి.

వదినకు మంచి గుణాలకు లోటు లేదు. కానీ ఆమె ఓర్వలేనితనం ముందు అవన్నీ దిగదుడుపే. మూటకు నేను జడ వేస్తే, ఇంటికి తీసుకుపోయి విప్పేసి మళ్ళీ తనే వేసేది. ఒకసారి బడిలో పిల్ల పొరపాటున టీచరమ్మను 'అమ్మా' అని పిలిచిందట. ఆ వారం టీచరమ్మ కొత్త జాకెట్టు మీద, సరిగ్గా గుండె దగ్గర, ఇస్త్రీపెట్టె అచ్చు పడింది. వదిన బొగ్గుల పెట్టెకు ముక్కు విరిగి ఉండేది. అచ్చుకూ ముక్కు లేదు. "చెయ్యి జారింది" అంది వదిన. ఆమె చెయ్యి జారడం నేను చూసింది అదొక్కసారే.

పోయిన వానాకాలంలో వదిన పోయింది. అప్పటికి మూట నెత్తిన ఒకటీ అరా తెల్లవెంట్రుకలు. పెళ్ళి మాట ఎప్పుడెత్తినా వదినకు తలనొప్పి వచ్చేది మరి. మూట కొట్టు తీసుకుని, బొగ్గుల పెట్టెను అటకెక్కించి, కరెంటు పెట్టె కొనుక్కుంది. ఒక మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుంది.

"అత్తా, నన్ను కన్నావిడ ఎక్కడుందో కనుక్కుంటావా?"

"ఇప్పుడెందుకే?"

"అమ్మ ఉండగా అడిగితే గుండె పగిలి పోయేది. ఇప్పుడు పోయిందిగా."

"కనుక్కుని ఏం చేస్తావు?"

"ఎందుకు వదిలేశావని ఒక్క మాట అడుగుతాను. ఆ తర్వాత నాతో ఉండమంటాను. నాకిక ఎవరున్నారు చెప్పు?"

నేను లేనా అనబోయాను. ఎందుకో గోడవైపు చూసి ఊరుకున్నాను.

మూట ఆ పాత దుప్పటి తెచ్చింది. ఒక అంచుకు వదిన నల్లదారం. రెండో అంచుకు వెలిసిపోయిన నీలిదారంతో చిన్న త్రిభుజం. అది మా లాండ్రీ గుర్తు కాదు, ఇంకో లాండ్రీది. ఇంకేం, చంకలో దుప్పటి పెట్టుకుని ఊరి మీద పడ్డాను. పోలీసులకైతే కుక్కలు కావాలి. నాకు కప్పు టీ చాలు.

స్టేషను పక్క లాండ్రీ ముసలాయన దాన్ని చూస్తూనే, "లాడ్జీ దుప్పటమ్మా ఇది. ఎత్తుకుపోయిన ఇన్నేళ్ళకు బుద్ధొచ్చిందా?" అన్నాడు. అప్పట్లో లాడ్జీ గదులు ఊడ్చినావిడ ఇంకా ఆ సందులోనే ఉంది. దుప్పటి చూసి గుమ్మంలో కూలబడింది. ఆవిడ ముక్కూ మూట ముక్కూ ఒకటే అచ్చు. ఇక అడగడానికి ఏముంది?

మూట బట్టల మీద నల్లదారం కనబడటం ఆ మర్నాటి నుంచే.

ఇంట్లోవాళ్ళ బట్టలకు వదిన ఏనాడూ గుర్తు పెట్టలేదు. "మనవి మనకు తెలియవా" అనేది. ఇప్పుడు మూట ఏది తొడుక్కోబోయినా మెడపట్టీలో అడ్డం, నిలువు. విప్పేస్తే మర్నాటికి మళ్ళీ.

"నువ్వే కుట్టి మరిచిపోయుంటావు" అన్నాను.

"ఇంత సన్నంగా నాకొచ్చా అత్తా?"

నిజమే. మూట కుడితే తాడు పేనినట్టు ఉంటుంది.

కన్నావిడ వస్తానన్న సాయంత్రం వాన పట్టుకుంది. నన్నెవరూ పిలవలేదు. అయినా వెళ్ళాను. కొట్టు ముందంతా జల్లు కొడుతోందని మూట ఆవిణ్ణి వెనకగదిలో కూర్చోబెట్టింది. కిటికీ మూసుంది. తీగల నిండా ఎవరూ అడగని బట్టలు. గంజి వాసన, తడిగోడల వాసన. గొడుగు మూలన పెట్టి, ఆవిడ కూతుర్ని కళ్ళతోనే తడుముతోంది. అంతలో కరెంటు పోయింది. మూట కొవ్వొత్తి వెలిగించింది.

"ఎందుకు వదిలేశావు నన్ను?"

ఆవిడ తడికొంగుతో మొహం తుడుచుకుంది.

"వదల్లేదమ్మా. లాండ్రీలో ఇచ్చినవి మళ్ళీ తెచ్చుకుంటారు కదా... అలా అనుకున్నాను. కాస్త నిలదొక్కుకున్నాక వచ్చాను."

"వచ్చావా?"

"వచ్చాను. ఆమె దుప్పటి చూపించింది. నల్లదారం చూపించి, 'ఇక నీది కాదు' అంది. నువ్వు లోపల నవ్వుతున్నావు... వినబడింది."

మూట నావైపు తిరిగింది. నాకూ తెలియని సంగతి. మా వీధిలో నాకు తెలియనిది ఒకటుందని అప్పుడే తెలిసింది.

అప్పుడు వచ్చింది వాసన. నీలిమందు. దాని వెనకే రాజుకుంటున్న బొగ్గులు...

తీగ మీద బట్టలు కదిలాయి. అన్నీ కాదు. ఆ చివరి నుంచి ఒక్కొక్కటీ పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుంటున్నాయి. మధ్యలోంచి ఎవరో వస్తున్నట్టు...

"ఎలక" అన్నాను. ఎవరూ అడగలేదు.

కన్నావిడ చూడలేదు. ఏడుస్తూ చేతులు చాచింది. "నా దగ్గరికి రా తల్లీ." మూట వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది. ఆవిడ జుట్టు నిమిరింది. మెడ వెనక్కి చెయ్యి పోయింది. అక్కడ ఆగింది.

"ఏమిటిది... దారమా?"

"జాకెట్టుదయ్యుంటుంది. లాగెయ్."

లాగింది.

మూట కెవ్వుమంది. జాకెట్టు కదల్లేదు... దారంతో పాటు చర్మం లేచింది.

టక్.

మా వెనకే. చాలా దగ్గరగా.

"వదిలేసి పోయినప్పుడు లేని ప్రేమ ఇప్పుడెందుకు?"

మెల్లగా అడిగింది. మూట గొంతే. కానీ కొవ్వొత్తి వెలుగులో నేను మూట మొహమే చూస్తున్నాను. పెదాలు కదల్లేదు.

కన్నావిడ ఎలా లేచిందో, ఎటు పోయిందో... చెప్పులు కూడా వేసుకోలేదు. వానలో అడుగుల చప్పుడు, తర్వాత వాన.

కరెంటు వచ్చింది. బట్టలు కదలడం లేదు.

"అత్తా, గుచ్చుకుంటోంది. చూడవూ?" అంది మూట చిన్నపిల్లలా.

జడ పక్కకు తీసి చూశాను. మెడ మీద అడ్డం ఒకటి, నిలువు ఒకటి. సన్నంగా, ముచ్చటగా. రక్తం లేదు, వాపు లేదు. పుట్టుకతో ఉన్నట్టుంది. కొస మాత్రం నా వేలికి తగిలింది.

తడిగా ఉంది. అప్పుడే ఎవరో కొరికి వదిలినట్టు.

"ఏమీ లేదే" అన్నాను.

ఆవిడ మళ్ళీ రాలేదు. నేను సందుకు వెళ్ళి చూస్తే తాళం. వీధి చివర టీకొట్టువాడికి కూడా తెలియదంటే ఇక ఎవరికీ తెలియదని అర్థం. గొడుగు వెనకగదిలోనే తీగకు వేలాడుతోంది. పిడికి నల్లదారం.

మూట బాగానే ఉంది. ఎండల్లో కూడా జుట్టు విరబోసుకుంటుంది. ఈమధ్య పొద్దుపోక నా దగ్గరే కూర్చుంటోంది. మొన్న మాటల మధ్య నన్ను 'అమ్మా' అంది. నాలిక్కరుచుకుని, "పోనీలే, నువ్వూ అమ్మలాంటిదానివేగా" అని నవ్వింది. నేను ఆ గోడవైపు చూసి, గట్టిగానే చెప్పాను. "కాదు. అత్తనే."

నిన్న లాండ్రీ నుంచి నా బట్టలు వచ్చాయి. అన్నిటికీ పసుపు చుక్కే, చూసుకున్నాను. పైనున్న జాకెట్టు మీద, గుండె దగ్గర, ఇస్త్రీపెట్టె అచ్చు. ముక్కు లేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను.

ఇంకా వేడిగానే ఉంది.