రెండు తలల మేక

రాజేశ్వరి నాలుక కాస్త బయటపెట్టి, కత్తెరతో అట్టను కోస్తోంది. పక్కనే వాళ్ళ బాపు మగ్గం మీద జంపఖానా నేస్తున్నాడు. అన్నానికి రమ్మని అమ్మ ఇప్పటికి ఎన్నిసార్లు పిలిచిందో! ఈ పిల్లకు వినపడితే కదా.

వినపడకపోవడానికి కారణం ఉంది. ఆ అట్ట మీద మొగిలి ఉన్నాడు. మొగిలి అంటే రఘునాథపల్లిలో ఉండే సమ్మమ్మ చిన్నమ్మ కొడుకు, ఏడేళ్ళవాడు. వాడు ఎడ్లబండి మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో పిండికట్టు వేసి, మంచం దిగొద్దని చెప్పి పంపారు. కాలు ఒకచోట నిలవని పిల్లాణ్ణి మంచంలో పడుకోబెడితే ఊరుకుంటాడా? అన్నం తినమంటే ఏడుపు, మందు తాగమంటే ఏడుపు. ఆ సంగతి విన్నప్పటి నుంచి రాజేశ్వరికి మనసు మనసులో లేదు. మంచంలోనే ఆడుకునేది ఏదైనా పోస్టులో పంపుతానని పట్టుపట్టింది.

బడిలో సుశీల టీచర్ దగ్గర ఒక చెక్క ఆట ఉంది. దేశపటాన్ని ముక్కలుగా కోసి పెట్టారు. ముక్కలన్నీ సరిగ్గా కలిపితే మళ్ళీ దేశం అవుతుంది. ఐదో తరగతిలో దాన్ని అందరికంటే ముందు కలిపేది రాజేశ్వరే. అలాంటిదే చేద్దాం, కాకపోతే దేశానికి బదులు మొగిలినే పెడదాం అనుకుంది. బాపు చొక్కా వచ్చిన డబ్బా మూత తీసి, రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేసింది. ఎర్ర నిక్కరు వేసుకుని మొగిలి పరుగెడుతున్నాడు. వాడి ముందు వాడి నల్ల మేకపిల్ల చెంగున దూకుతోంది. మొగిలి అచ్చం మొగిలిలాగే వచ్చాడు, ఊడిపోయిన ముందు పన్నుతో సహా.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అట్ట తిప్పి చూస్తే వెనకవైపు బోసిగా ఉంది. అసలే నేతగాళ్ళుండే కొత్తవాడలో పుట్టిన పిల్ల. అక్కడ నేసే జంపఖానాకు ఉల్టా, సీదా అనేవి ఉండవు. ఎటు పరిచినా అదే పువ్వు, అదే రంగు. ఎవరైనా కొనడానికి వస్తే బాపు దాన్ని రెండుసార్లు తిరగేసి, ఇందులో ముందేదో వెనకేదో చెప్పమంటాడు. వాళ్ళు తెల్లమొహం వేస్తే రాజేశ్వరికి ఎక్కడలేని గర్వం. మరి నేతగాడి బిడ్డ చేసిన వస్తువు వెనక బోడిగా ఉంటే పరువేం కావాలి? అట్టను కింది నుంచి పైకి తిరగేసి, వెనకవైపు కూడా అదే మొగిలిని, అదే మేకను వేసింది. ఈసారి ఇంకా బాగా కుదిరింది. తర్వాత అట్టను చదరంగా, అన్నీ ఒకే కొలతలో ఉండేలా ముక్కలు కోసింది.

బాపు ఒక ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు.

"శాబాష్ బిడ్డా. మన పనితనం నీ చేతిల కూడ ఉన్నది."

ఇక ఆ పిల్ల కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. అమ్మ పాత గుడ్డతో చిన్న సంచి కుట్టి ఇచ్చింది. ముక్కలు అందులో పోసి, మూతి కుట్టేసి, మర్నాడు బాపుతో పోస్టాఫీసుకు వెళ్ళింది. కిటికీ వెనక ఉన్నాయన కళ్ళద్దాల మీంచి చూస్తూ లోపల ఏముందని అడిగాడు.

"మా తమ్ముడు సార్," అంది రాజేశ్వరి. "ముక్కలు చేసిన."

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయాడు. బాపు విషయం చెప్పాక నవ్వి, తమ్ముడికి దెబ్బ తగలకుండా మెల్లగా ముద్ర వేశాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు మొదలయ్యాయి. పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వినపడితే చాలు, వాకిట్లో ఉండేది. చిన్నమ్మ నుంచి చిన్న కార్డు ముక్క కూడా రాలేదు. ఇంత మంచి ఆట పంపితే ఒక్క మాట రాయరా అని అలిగింది. అందుకే బాపు రఘునాథపల్లికి పని మీద బయలుదేరినప్పుడు, తానూ వస్తానని ప్యాసింజర్ బండెక్కి కూర్చుంది.

వెళ్ళేసరికి మొగిలి మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుడ్డసంచి గూట్లో ఓ మూలన పడి ఉంది. బాపు పని చూసుకోవడానికి వెళ్ళాక, చిన్నమ్మ రాజేశ్వరిని వంటింట్లోకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది. సంచి వచ్చిన రోజు వాడి సంబరం అంతా ఇంతా కాదట. అన్నం తింటున్నా వదల్లేదట. సాయంత్రానికి అన్నీ విసిరికొట్టాడట.

"ఎన్ని తీర్ల వెట్టినా బొమ్మల వాని కాళ్ళు దొరుకుతలేవు బిడ్డా," అంది చిన్నమ్మ. "ఇగ నాకు కాలు రాదు, నేను ఉరుకలేను అని ఒక్కతీరుగ ఏడుస్తాండు. నీకు ఏమని రాయాలె?"

రాజేశ్వరికి అర్థం కాలేదు. కాళ్ళు లేకపోవడమేంటి? తనే కదా వేసింది! గబగబా సంచి తెచ్చి, ముక్కలు మంచం మీద పోసి, చకచకా తిప్పి కలిపేసింది.

"ఇగో, కాళ్ళు ఈడనే ఉన్నయి. గింత అల్కటిది నీకు రాలేదా?"

మొగిలి తల తిప్పి చూశాడు. మొహంలో నవ్వు రాలేదు.

"నువ్వు చేస్తే వస్తయి. నేను చేస్తే వస్తలేవు," అని చేత్తో మొత్తం చెరిపేశాడు.

రాజేశ్వరికి ఉక్రోషం పొడుచుకొచ్చింది. కానీ వాడి కళ్ళలో నీళ్ళు చూసి మాట మింగేసింది. నువ్వు ఎట్లా పెట్టావో చూపించమని బుజ్జగించి పక్కన కూర్చుంది. వాడు ముక్కు ఎగబీలుస్తూ ఒక్కో ముక్కా పేర్చాడు. పైన మేక తల. కింద ఇంకో మేక తల. పైన మొగిలి మొహం, కింద మళ్ళీ మొగిలి మొహమే. ఎవరికీ కాళ్ళు లేవు. రాజేశ్వరికి ఫక్కున నవ్వొచ్చింది. అంతలోనే కింది మొహాన్ని తిప్పి చూసింది.

మొహం వెనకే కాళ్ళున్నాయి. మేక తల వెనక మేక గిట్టలున్నాయి. మొహాలు ముద్దుగా ఉంటాయని మొగిలి వాటినే పైకి పెట్టుకున్నాడు. కాళ్ళన్నీ ముక్కల అడుగువైపుకు పోయాయి. పాపం, ఏ ముక్క ఎటు తిప్పాలో వాడికెట్లా తెలుస్తుంది? వేసింది తను కాబట్టి తనకు తెలుసు.

రాజేశ్వరికి సిగ్గేసింది. మొదటి బొమ్మ మొగిలి కోసమే వేసింది. రెండోది బాపు శాబాష్ అనాలని, బడిలో చెప్పుకోవాలని వేసింది. ఆ రెండో బొమ్మ వల్లే వీడు ఇన్ని రోజులుగా ఏడుస్తున్నాడు.

లేచి వెళ్ళి చిన్నమ్మను కొంచెం మైదాపిండి ఉడికించి ఇమ్మంది, పాత పేపరు అడిగి తెచ్చుకుంది. ముక్కలన్నీ కలిపి, ఇంకా బాగా కుదిరిన బొమ్మ పైకి వచ్చేలా పెట్టింది. ఒక్కో ముక్కకూ పిండి రాసి పేపరు అంటించడం మొదలుపెట్టింది. మేక కన్ను కప్పేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. ఆ కన్ను ఎంత బాగా వచ్చిందో ఆమెకే తెలుసు. అయినా అంటించేసింది.

అప్పుడే లోపలికి వచ్చిన బాపు గుడ్లప్పగించాడు.

"గంత మంచిగేసినవ్ గద బిడ్డా, ఎందుకు మూస్తానవ్?"

"వానికి కాళ్ళు దొరకాలె బాపు."

బాపు మొగిలిని చూశాడు, ముక్కలను చూశాడు. పక్కన కూర్చుని పేపరు చింపి ఇవ్వసాగాడు.

ఎండలో ఆరిన ముక్కలను రాజేశ్వరి మళ్ళీ మంచం మీద పోసింది. పేపరు వైపు కిందికి పెట్టాలని చెప్పి, తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మొగిలి మేక తలను తీసుకెళ్ళి తోక దగ్గర పెట్టాడు. అక్కడ కాదు అనబోయి పెదవి కొరుక్కుంది. వాడు తీసి ఇంకోచోట పెట్టాడు. అదీ కాదు. ఎంతసేపు వెతుకుతాడురా బాబూ! చేతులు దురద పెడుతున్నాయి. బండి టైము అవుతోందని బాపు గుమ్మంలో నుంచి సైగ చేశాడు. తరవాతి బండికి పోదామని రాజేశ్వరి తల ఊపింది.

ఎర్ర నిక్కరు దొరికింది. దాని కింద ఒక ముక్క పెట్టాడు, తీశాడు, ఇంకోటి పెట్టాడు. మొగిలి నిటారుగా కూర్చున్నాడు.

"అక్కా, నా కాళ్ళు," అన్నాడు. "అమ్మా, ఇటు రా. నేను ఉరుకుతాన."

చిన్నమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వాడు అందరికీ చూపించాడు. గుమ్మంలో ఉన్న మేకపిల్లకు కూడా చూపించాడు. తర్వాత ముక్కలన్నీ తనే చెరిపేసి, రెండు చేతులతో కలగాపులగం చేశాడు.

"మల్ల చేస్త. నువ్వు ముట్టద్దు అక్కా."

రాజేశ్వరి తొడల కింది నుంచి చేతులు తియ్యలేదు.