తాంబూలంతో ఇచ్చిన సంతకం

రాగిజావ గ్లాసు అత్తగారి పెదవుల దగ్గర పెట్టి జయంతి గడియారం వైపు చూసింది. ఎనిమిదిన్నర. బయట తిరుచానూరు గుడికి పోయే ఆటోల మోత అప్పుడే మొదలైంది. ఇంటి లోపలి గదిలో మాత్రం ట్యూబ్‌లైటు వెలుగుతోంది.

"ఏళగాని ఏళలో జావ ఏందే? నిద్రపోనీ," అంది మునెమ్మ.

"ఎనిమిదిన్నర అయిందత్తా."

"అబద్ధాలు సెప్పబాక. సీకటి అట్లే ఉండాది."

మంచం పక్క కిటికీ రెక్కలు తెరిచే ఉన్నాయి. ఊచలకు రెండడుగుల దూరంలో కొత్త ఇటుక గోడ నిలబడి ఉంది. ఇంకా పూత పూయలేదు. ఇటుకల మధ్య నుంచి పొంగిన సిమెంటు అట్లాగే గట్టిపడిపోయింది.

మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మునెమ్మ ఎడమ పక్క పడిపోయింది. అప్పటి నుంచి ఆమెకు లోకమంటే ఆ తూర్పు కిటికీ. అవతల నాలుగడుగుల సందు, సందు దాటితే కుప్పుస్వామి పెంకుటిల్లు, దాని మీదుగా వచ్చే ఎండ. పొద్దున్నే ఎండ ఎదుటి గోడ మీద పడేది. తర్వాత గచ్చు మీదికి దిగి మెల్లగా మంచం వైపు వచ్చేది. మంచం కోడును తాకిందంటే తొమ్మిది. గడియారం చూడకుండా ఆమె కోడలికి టైము చెప్పేది. ఏటవాలుగా చూస్తే వీధి గేటు కూడా కనిపించేది.

కుప్పుస్వామి పెంకుటిల్లు పడగొట్టి యాత్రికుల కోసం లాడ్జి మొదలుపెట్టాడు. గోడ లేచిన నెలలోపే ముసలామెకు పగలూ రాత్రీ తారుమారయ్యాయి. పగలంతా నిద్ర, రాత్రంతా పిలుపులు. పోయిన వారం మిట్టమధ్యాహ్నం దొంగలొచ్చారని మంచం దిగబోయి కింద పడింది. "ఈ వయసులో వెలుతురు తగ్గితే మనసుకు పట్టు తప్పుతుందమ్మా. ఇట్లాగే ఉంటే మనుషుల్ని కూడా మరిచిపోవచ్చు," అన్నాడు డాక్టరు.

పక్కింట్లో రెండో అంతస్తుకు సెంట్రింగు రేకులు దించుతున్న చప్పుడైంది. జయంతి గ్లాసు కింద పెట్టి వసారాలోకి వచ్చింది.

"ఈపొద్దు కుప్పుస్వామిని అడిగేస్తాను. మీరూ రండి."

ఆమె భర్త గంగాధరం బూట్లు తొడుక్కుంటున్నాడు. రేణిగుంటలో ఒక గోడౌనులో సూపర్‌వైజరు. యాభై ఆరేళ్ళు. "ఇప్పుడు అడిగి ఏం లాభంలే. గోడ లేసిపోయింది," అన్నాడు తల ఎత్తకుండా.

"పాకాలలో మా పెదనాయన కొడుకు ప్లీడరు కదా, అడిగినాను. ఇరవై ఏళ్ళు దాటి వెలుతురు వస్తా ఉండే కిటికీని మూసే హక్కు ఎవరికీ లేదంట. కోర్టులో నిలబడతాదంట. మనది యాభై ఏళ్ళ కిటికీ."

"టైమైపోతోంది మేయ్."

"గోడౌను యాడికీ పోదు. రండి!"

కుప్పుస్వామి ఇసుక కుప్ప పక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళను చూసి లేచాడు. జయంతి కూర్చోలేదు.

"ఏమన్నా, పెద్దాయనలు ఇద్దరూ తలా రెండడుగులు వదిలి కట్టుకున్న సందు అది. దాన్ని మింగేస్తివే! మా అత్త పగలేదో రాత్రేదో తెలీక పిచ్చిదైపోతా ఉంటే నీ లాడ్జిలో గోవిందలు పెట్టుకునే వాళ్ళకు నిద్ర పడతాదా?"

కుప్పుస్వామి నొచ్చుకున్నట్టు గంగాధరం వైపు చూశాడు. "ఏమప్పా గంగాధరం, ఇంట్లో సెప్పలేదా?"

గంగాధరం ఇసుక వైపు చూస్తున్నాడు.

కుప్పుస్వామి షెడ్డులోకి పోయి ప్లాస్టిక్ కవరులోని కాగితం తెచ్చాడు. "సూడు సెల్లెమ్మా. గోడ హద్దుదాకా కట్టుకోవచ్చు, గాలికీ వెలుతురుకూ మాకు ఏ అభ్యంతరమూ లేదు అని రాసిచ్చినాడు. ఈయన ఒప్పుకున్నాడనే నేను ప్లాను మార్చినాను. లేకుంటే నాలుగడుగులూ వదిలి కడదామనే అనుకున్నా."

జయంతి సంతకం చూసింది. పేరు కింద లాగిన ఆ పొడవాటి గీత ఆమెకు బాగా తెలుసు. కాగితం అతని చేతికిచ్చేసి ఇంటి వైపు తిరిగింది.

వసారాలోకి రాగానే తలుపు దగ్గరగా వేసింది. "ఎప్పుడు?"

"భూమిపూజకు ముందర. తాంబూలం పళ్ళెం తెచ్చినాడు. పళ్ళెంలోనే కాగితం ఉన్నింది."

ఆ వీధిలో అది అలవాటే. పునాది తవ్వే ముందు ఇరుగూ పొరుగుకు పసుపూ కుంకుమా తాంబూలమూ ఇచ్చి, ఒప్పుకోలు తీసుకుంటారు. శుభానికి వచ్చిన మనిషి పళ్ళెం వెనక్కి పంపితే కట్టబోయే ఇంటికి శాపం పెట్టినంత పని.

"శుభమా అని వస్తే వద్దనేదెట్ల?" అన్నాడు గంగాధరం.

"తాంబూలం తీసుకో, ఎవరు వద్దన్నారు? సంతకం ఎందుకు? ఆ గదిలో మీ అమ్మ ఉండాదని మరిసిపోయినావా?"

అంతకుముందు ఆమె ఎప్పుడూ అతన్ని నువ్వు అనలేదు. అతను బల్ల మీద కూలబడ్డాడు.

మరిచిపోలేదు. అదే అసలు సంగతి. ఆ రోజు కుప్పుస్వామి పెన్ను ఇస్తూ, "పెద్దమ్మ కిటికీ ఉండాది గదప్పా, రెండ్రోజులు ఆలోచించుకో," అని కూడా అన్నాడు. ఆలోచించుకునే వీలు ఉండింది. అతను వెంటనే సంతకం చేశాడు. పదేళ్ళప్పుడు తండ్రి లేకుండా పోయినప్పటి నుంచీ అమ్మ చూపు అతని వీపు మీదే ఉంది. ఎన్నింటికి పోయినావు, ఎవరితో నిలబడినావు, ఎందుకు ఆలస్యం. పక్షవాతం ఆమె కాలూ చెయ్యీ తీసుకుంది గానీ ఆ కిటికీని తీసుకోలేదు. గేటు తీసిన ప్రతిసారీ లోపలి నుంచి పిలుపు. పెన్ను పట్టుకున్నప్పుడు కిటికీ మూసుకుపోయినట్టు తోచింది. గుండెల్లో ఏదో చల్లబడింది. ఆ చల్లదనానికి ఆ రోజే మొహమాటం అని పేరు పెట్టుకుని దాచేశాడు.

"వాణ్ణేమీ అనబాక జయంతీ."

లోపలి గది నుంచి వచ్చిన గొంతు ఈసారి తేటగా ఉంది. ఇద్దరూ లోపలికి పోయారు.

"నాకు తెలుసు. పునాది నాడే కుప్పుస్వామి కిటికీ కాడికొచ్చి సెప్పినాడు, మీ కొడుకు ఒప్పుకున్నాడు పెద్దమ్మా అని."

"మరి నాకెందుకు చెప్పలేదత్తా? అప్పుడే ఆపుండొచ్చే!"

"సెప్తే నీ ముందర వాడి తల వంగదా?"

ఒక్కొక్క ఇటుక వరుసా లేస్తుంటే మునెమ్మ ఆ మంచం మీద పడుకుని చూసింది. మొదట గేటు పోయింది, తర్వాత ఎండ, చివరికి ఆకాశం. గంగాధరం మంచం పక్కన గచ్చు మీద కూర్చున్నాడు.

"మొహమాటం కాదమ్మా," అన్నాడు. "నువ్వు సూడకుండా ఉంటే బాగుండని... అందుకే సంతకం పెట్టినా."

జయంతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మునెమ్మ బాగున్న చేత్తో వెతికి అతని తల అందుకుంది. జుట్టు పలచబడిన చోట వేళ్ళు ఆగాయి. "మీ నాయన గేటు దాటిపోయినప్పుడు నేను పొయ్యి కాడ ఉంటిని. సూళ్ళేదు. మళ్ళ రాలేదు. నిన్ను సూడకుంటే నువ్వూ రావేమోనని భయం నాయనా. నీకు ముల్లు మాదిరి గుచ్చుకుంటాదని తెలిసినా మానలేకపోతిని."

అతను పరుపు అంచులో ముఖం దాచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

కాసేపటికి లేచి బూట్లు విప్పేశాడు. వంగి తల్లిని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. ఆమె ఎంత తేలికైపోయిందో అతనికి అప్పుడే తెలిసింది. వీధి అరుగు మీదికి తెచ్చి, జయంతి వేసిన బొంతపై గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. ఎండ అరుగు మీద నిండుగా ఉంది. ఆమె కళ్ళు చికిలించుకుంది, నీళ్ళు కారాయి.

అతను ఎదురుగా గొంతుక్కూర్చుని, తన ముఖం ఎండ వైపుకు తిప్పాడు.

"సూడమ్మా. కావాల్సినంత సేపు సూడు."

మునెమ్మ చాలాసేపు చూసింది. నొసలు ముడుచుకుంది.

"నువ్వెవురప్పా?"

"నేనమ్మా, గంగాధరాన్ని. నీ కొడుకును."

"వాడు రేణిగుంటకు పోయినాడే," అందామె మర్యాదగా, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు. "ఇంకా రాలేదు. కొంచెం పక్కకు జరగప్పా, వీధి కనపడకుండా ఉండాది."

గంగాధరం పక్కకు జరిగి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె వీధి చివరిదాకా చూపు సాచింది. అతనూ అటే చూస్తూ, ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఆమెతో పాటు ఎదురుచూడసాగాడు.