బట్టల బండ మీద బీబీ

...ఇంగ నువ్వు ఇప్పుడొస్తివా? కూచో అబ్బా, ఇప్పుడే మొదలుపెట్నా. పెనుకొండలో కోటగోడ పక్కన సున్నం గోడల పాతిల్లు లేదూ — దాని సంగతే చెప్తాండా.

చీకటిపడితే ఆ పక్కకు కుక్క గూడా పోదు. ఏడాదిలో మూడు సంసారాలు పరారైనాయి. మూడో ఆయనైతే దండెం మీద లుంగీ గూడా ఇడిసిపెట్టి పోయినాడంట. దెయ్యం ఆ లుంగీని ముట్టుకోలేదు... మర్యాదగలది.

అట్లాంటి ఇల్లు బాడుగకు మన సాదిక్‌కు నచ్చింది. హిందూపురంలో పెండ్లికార్డులు అచ్చేస్తాడే, రబ్బరు స్టాంపులు చేస్తాడే, ఆయనే. పెండ్లాం నస్రీన్ ఒకటే మాట చెప్పింది. "ముందు ఒక రాత్రి నువ్వు పండుకొని రా. దెయ్యముంటే నేను కదిరిలో మాయమ్మ దగ్గరే ఉంటా. నువ్వూ అదీ కాపురం చేసుకోండి."

దెయ్యం కంటే ఆ మాటకే ఎక్కువ భయపడి పోయినాడు పాపం.

రాత్రి ఎనిమిదైంది. కరెంటు పోయింది — దెయ్యాలకూ కరెంటోళ్లకూ ఏం పొత్తో! పెరట్లో బట్టలుతికే బండ మీద నిలబడి కాళ్లు కడుక్కున్యాడు. ఫోన్ లైటు కిందికి పట్టినాడు...

పాదాల మధ్యలో — కన్ను.

చెంబు జారి మిగిలిన నీళ్లు ఒలికినాయి... ముక్కు, ముక్కుపుడక. నీళ్లు పారేకొద్దీ మెడ... చేతిలో హుక్కా గొట్టం...

"యా అల్లా..."

పారిపోవల్లనుకున్యాడు. దోవ కోసం లైటు పక్కకు తిప్పినాడు. అప్పుడు కనపడింది, బండ మూలన ఇంగ్లీషు సంతకం — తిరగామరగా, అద్దంలో మాదిరి. స్టాంపుకు అక్షరాలు చెక్కేది అట్ల తిరగేసే కదా, ఆయనకు తెలీదా? దెయ్యానికి అచ్చుపని ఎందుకు?

తెల్లారినాక ఆ ఇల్లుగలాయన మొహిద్దీన్ సాబ్ బండ చూసి నెత్తి గోక్కున్యాడు. "మా తాతల తాతల కాలంలో బొమ్మలేసే తెల్లదొర ఒకడు ఈడ ఉన్యాడంట. కొవ్వు కలిపిన పెన్సిలుతో రాయి మీద గీసి, తడిపి, మసి పూసి కాగితాలకు అచ్చు దించేటోడంట. కొవ్వు గీతకు నీళ్లంటవు కదప్పా, అందుకే తడిపితేనే బొమ్మ తేలతాది. పోయినేడు బండ అరిగిందని తిరగేసి పరిచినా... కిందిపక్క ఈయమ్మ ఉండేది నాకేం తెలుసు? ఆ మూడు సంసారాలూ ఈయమ్మను చూసే పరారైనట్టుండాయి."

సాయంత్రానికి నస్రీన్ వచ్చింది. బండంతా తడిపి చూసింది. పరుపుల మీద వాలిన బీబీ, విసనకర్రలతో ఇద్దరు దాసీలు, పక్కన పండ్ల తట్ట. దొరను ఏ సాబైనా ఆడోళ్లుండే గడప దాటనిచ్చింటాడా? వాకిట్లో కూచొని, లోపలుండేదంతా ఆయనే కలగనేసినాడు. వాళ్ల దేశంలో అదే నిజమని ఎగబడి కొనుంటారు.

సాదిక్ గొంతు దించి అడిగినాడు, "ఉంటావా మరి?"

నస్రీన్ చెంబు కిందపెట్టి ఏమనిందో, అన్నది అన్నట్టే చెప్తాండా, ఇను:

"మా ఇండ్లల్లో ఇట్ల పండుకొనుండే ఆడదాన్ని నేను యాడా చూడలా. ఉంటాలే గానీ, ముందు ఈయమ్మను లేసి గిన్నెలు తోముమను."