ముందు చక్రాల కేసు

నెల్లూరు మూలాపేటలో ఆ ఇంటి గోడకు రెండు బోర్డులు ఉండేవి. పైది ప్లీడరు గారిది. దాని కింద కొంచెం చిన్నగా ఆయన భార్యది, 'ఇందిరమ్మ, బి.ఏ., ప్రైవేటు పరిశోధన' అని ఇంకొకటి. పై బోర్డు చూసి వచ్చేవారు తగ్గి, కింది బోర్డు చూసి వచ్చేవారు పెరిగి కొంతకాలమైంది. దీన్ని ప్లీడరు గారు న్యాయవ్యవస్థ క్షీణత అనేవారు. ఆయన టైపిస్టు క్రీస్తురాజు మాత్రం ఏమీ అనకుండా తన మిషన్ని ప్లీడరు గారి గదిలోంచి ఇందిరమ్మ గారి గదిలోకి మార్చుకున్నాడు.

1958లో, మొలగొలుకుల వరి నాట్లకు దుక్కులు సాగుతున్న రోజుల్లో, ఒక ఉదయం వరండా మెట్ల దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. కొంగు తడిసి ఉంది. ఇందిరమ్మ చేటలో చింతపండు ఈనెలు తీస్తోంది.

"ఇందిరమ్మ గారంటే ఎవురమ్మా?"

"నేనే. చెప్పులు కింద పెట్టి కూర్చో. క్రీస్తురాజూ, మంచినీళ్ళు."

ఆమె పేరు హజరాబీ. భర్త దరియావలి, తోటపల్లి గూడూరు పక్క పల్లెలో హజరత్తయ్య అనే రైతు దగ్గర ట్రాక్టరు డ్రైవరు.

"ఆ ట్రాక్టరుకు నాలుగు చక్రాలూ లాగతాయమ్మా. ఇప్పుడు ముందువి లాగడం లేదు. మాయాయన కావాలని చెడగొట్టినాడంట. ఎద్దులు బాడుగకిచ్చే చిన్నపోలయ్య మాట విని చేసినాడంట. రేపు పోలీసోళ్ళకు అప్పజెప్తామంటున్నారు."

"చెడగొట్టినాడా?"

"ఆ బండిని కడిగేదానికి నా బిందెలో నీళ్ళు కూడా ఎత్తకపొయ్యే మనిషమ్మా. నన్ను చెడగొట్టినా నమ్ముతాను గానీ దాన్ని చెడగొట్టడు."

ఇందిరమ్మ నవ్వు ఆపుకుని చేట పక్కన పెట్టింది. హజరాబీ మాత్రం నవ్వలేదు.

"ఆ పని నేను పట్టిన రొట్టె తల్లీ," అంది. "ఈ ఏడు స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె పట్టినాను. పండగైన పది రోజులకే ఆయనకి పని దొరికింది. పని నిలిస్తేనే గదా వచ్చే ఏడు నేను ఇంకొకరికి రొట్టె ఇచ్చేది. దొంగ పెండ్లాం చేతి రొట్టె ఎవురు పట్టుకుంటారు?"

రొట్టెల పండుగ సంగతి నెల్లూరులో ఎవరికీ చెప్పనక్కరలేదు. కోరిక ఉన్నవారు, అదే కోరిక తీరినవారి చేతి నుంచి చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరితే మరుసటి ఏడు తిరిగి ఇస్తారు. ఇందులో మతం పట్టింపు లేదు. ప్లీడరు గారికి కేసులు రావాలని ఇందిరమ్మ కూడా ఒకసారి పట్టింది. కేసులు ఇంటికే వచ్చాయి గానీ, పక్క గదికి వచ్చాయి.

"బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

*

హజరాబీ ముందే చెప్పి రావడంతో, బస్సు దిగేసరికి హజరత్తయ్య బావమరిది మస్తానయ్య ఎద్దుల బండితో ఎదురుచూస్తున్నాడు. సేద్యం, కొట్టం తాళాలు, కూలీల లెక్క అన్నీ చూసేది అతనే. పట్టు లాల్చీ వేసుకున్నాడు. ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో మువ్వలు. కర్ర చక్రాల బదులు రబ్బరు చక్రాలున్న టైరు బండి అది. చుట్టుపక్కల పెళ్ళికొడుకులు ఊరేగడానికి అడిగి తీసుకుపోయే బండి.

"ఎక్కండమ్మా. మా బండెక్కితే పరుపు మీద కూర్చున్నట్టుంటాది," అన్నాడు.

తారు రోడ్డు మీద బండి కదలగానే చక్రాల కింద నుంచి 'గుర్ర్' మని ఒక మోత లేచింది. క్రీస్తురాజు దవడలు దానికి తాళం వేశాయి. రెండు మైళ్ళు పోయేసరికి అతని వెన్నుపూసలన్నిటికీ ఒకదాని పేరు ఇంకొకదానికి తెలిసిపోయింది.

"ఈ మోతేందయ్యా?" అంది ఇందిరమ్మ.

"కొత్త టైర్లమ్మా. ఇంకా అరగలేదు. మద్రాసులో కొన్నాను."

పల్లె మలుపులో నేల మెత్తగా ఉంది. కాళ్ళు పట్టేశాయని ఆమె దిగి, కాస్త దూరం బండి వెనకే నడిచింది. తడి మట్టిలో పడిన చక్రాల జాడ చూసి, "అచ్చం చేప ముల్లులాగా ఉంది," అంది. క్రీస్తురాజుకు ఆకలి గుర్తొచ్చింది.

*

ట్రాక్టరు కొట్టంలో ఉంది. పొట్టిది, వెడల్పుది. ఓడ మీద విదేశం నుంచి వచ్చింది. మామూలు ట్రాక్టర్లలా ముందు చిన్నవి, వెనక పెద్దవి కాకుండా నాలుగు చక్రాలూ ఒకే ఎత్తు. వెనక టైర్ల మీద వాలుగా మందపాటి రబ్బరు పలకలు లేచి ఉన్నాయి. ముందు టైర్లు మాత్రం నున్నగా, బోడిగుండులా ఉన్నాయి.

హజరత్తయ్య తెల్ల పంచె మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. పొలంలో కూడా ఆయన గట్టు దిగడని తర్వాత తెలిసింది.

"సముద్రం వైపు మడుగుల్లో ఎద్దు దిగితే కడుపు దాకా కూరుకుపోతాది. అందుకే ఇది తెప్పించినాను," అన్నాడు. "మద్రాసు మెకానిక్కు వచ్చి విప్పినాడు. ముందు చక్రాలకు పొయ్యే షాఫ్టు మధ్యలో జోడింపు గొట్టం ఉంటాది. దాని లోపల పళ్ళన్నీ రాలిపోయినాయి. నాలుగు చక్రాలూ కలిపి గట్టి నేల మీద తోలితేనే ఇట్టా అవుతాదని చెప్పినాడు. ఆ ముందు టైర్లు చూడండి. ఓడ దిగినప్పుడు నా కళ్ళతో చూసినాను, నాలుగూ కొత్తవే. తారు రోడ్డు మీద తోలి అరగదీసినాడు. ఇంకేం రుజువు కావాల?"

"ఎవరైనా చూసినారా?"

"చూడాల్నా?" అన్నాడు మస్తానయ్య. "టైర్లే చెప్తుండాయి గదా."

దరియావలి కొట్టం గోడకు ఆనుకుని ఉన్నాడు. హజరాబీ వెళ్ళి పక్కన నిలబడింది గానీ అతను తల ఎత్తలేదు.

"నువ్వు చేరినప్పుడు ఈ టైర్లు ఎట్లా ఉండె?" అని ఇందిరమ్మ అడిగింది.

"ఇట్టానే ఉండాయమ్మా. ముందువి ఇట్టానే ఉంటాయేమో అనుకున్నా. పాత డ్రైవరు పండగ ముందే పని మానుకుని పొయినాడు. అడిగేదానికి మనిషి లేడు."

"అబద్ధం," అన్నాడు హజరత్తయ్య.

"నాలుగు చక్రాలూ కలిపే లీవరు ఎక్కడ వేస్తావు?"

"మడిలోనేనమ్మా. గట్టెక్కేటప్పుడు తీసెయ్యాల. తీద్దామంటే రాదు. బిగుసుకుపోతాది. బండిని రవ్వంత వెనక్కి తోలితే అప్పుడు టక్కుమని వస్తాది. మస్తానయ్య గారికి చెప్పినాను కూడా."

"చెప్తే ఏమన్నారు?"

"లీవరుకు చమురు పెట్టమన్నారు."

"చమురు పెట్టు అనడం తప్పా అమ్మా?" అన్నాడు మస్తానయ్య.

"తప్పేముంది. మా ఇంట్లో తలుపు రాకపోయినా అదే అంటారు," అంది ఇందిరమ్మ.

ఇంతలో చిన్నపోలయ్యను పిలిపించారు. నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. నోట్లో చుట్ట. ట్రాక్టరు వచ్చినప్పటి నుంచి అతని ఎద్దులకు పని తగ్గిన మాట నిజం.

"ఇది చెడిపోతే నాకు సంతోషమే. దాచేదేముండాది?" అన్నాడు. "అయితే అమ్మా, నాకు ఎద్దుకు జబ్బు చేయించడం రాదు. దీనికేం చేయిస్తాను? యాడ నోరో యాడ తోకో కూడా తెలవదే."

ఇందిరమ్మ ముందు టైరు దగ్గర కూర్చుని దాని పక్క భాగం మీద గోరుతో గీసింది. వేసవిలో ఎండిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు. వెనక టైరు మీదా గీసింది. అది నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఆమె లేచి చేతులు దులుపుకుని హజరత్తయ్య భార్య చెంచులక్ష్మి వైపు తిరిగింది.

"అక్కా, కాస్త ముగ్గుపిండి కావాలి. పూలు కట్టే నార కూడా ఉంటే ఇవ్వండి."

హజరత్తయ్య క్రీస్తురాజు వైపు చూశాడు. క్రీస్తురాజు అన్నీ తెలిసినవాడిలా తల ఊపాడు. అతనికి ఏమీ తెలియదు.

*

అందరినీ వరి నూర్చే కళ్ళం దగ్గరికి రమ్మంది. అక్కడి నేల కొట్టి, అలికి, అరచెయ్యిలా చదునుగా ఉంది. ట్రాక్టరును తోసుకొచ్చి నిలబెట్టారు. మస్తానయ్య బండి కూడా రావాలని ఇందిరమ్మ కోరింది. "తిరిగి బస్సుకు పోవాలి కదా" అంది.

నాలుగు టైర్లూ నేలను తాకేచోట ముగ్గుపిండితో నాలుగు చుక్కలు పెట్టింది.

"ఇప్పుడు గేరు లేదు, షాఫ్టు లేదు. ఏ చక్రానికి అది తిరుగుతుంది. నెమ్మదిగా తోయండి."

కూలీలు తోశారు. నాలుగు చుక్కలూ ఒక్కసారే పైకి లేచాయి. మొదటి చుట్టులోనే ముందువి రెండూ కాస్త ముందుగా నేలను తాకాయి. కళ్ళం చివరికి చేరేసరికి వెనక చుక్కలు కింద ఉంటే, ముందు చుక్కలు ఆకాశం చూస్తున్నాయి.

"ముందు చక్రాలు చిన్నవి," అంది ఇందిరమ్మ. "కంటికి తెలియనంత చిన్నవి. చిన్న చక్రం అదే దూరం పోవాలంటే ఎక్కువ సార్లు తిరగాలి. లీవరు వేస్తే షాఫ్టు ఒప్పుకోదు, నాలుగూ ఒకటిగా తిరగమంటుంది. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. గట్టు మీద జారడానికి చోటేది? అక్కా, తడి చీర మనమిద్దరం చెరొక కొస పట్టుకుని పిండితే ఏమవుతుంది?"

"నీళ్ళు పోతాయి. ఇంకా పిండితే చీర పోతాది," అంది చెంచులక్ష్మి.

"ఆ గొట్టం అట్లా పోయింది. మెలి పడ్డందుకే లీవరు బిగుసుకుంది. వెనక్కి తోలితే మెలి విడిపోయి టక్కున వచ్చింది. దరియావలి తనకు తెలియకుండానే జబ్బు లక్షణం చెప్పినాడు. రోడ్డు మీద షికారు చేసేవాడికి ఆ సంగతి తెలియదు, గట్టెక్కేటప్పుడు లీవరు తీసేవాడికే తెలుస్తుంది."

"చిన్నవైంది అరగదీసినందుకే గదా," అన్నాడు మస్తానయ్య. "మేం చెప్పిందీ అదే."

"అరగడానికి రెండు నెలలు చాలు. ఎండకు నెర్రెలు విచ్చడానికి ఏళ్ళు కావాలి. ఒకే ఓడలో వచ్చిన నలుగురు అక్కచెల్లెళ్ళలో ఇద్దరికే ముసలితనం వచ్చిందంటే నేను నమ్మను. ఇవి ఈ బండివి కావు. ఎవరో మార్చినారు. పాత డ్రైవరు పోయి, కొత్త డ్రైవరు రాకముందు మార్చినారు. అప్పుడు కొట్టం తాళం ఎవరి దగ్గర ఉంది?"

హజరత్తయ్య చూపు బావమరిది మీదికి పోయింది. చిన్నపోలయ్య చుట్ట ఆరిపోయింది.

ఇందిరమ్మ పూల నారను వెనక టైరు చుట్టూ తిప్పి, కొస వచ్చి తాకినచోట గుర్తుగా నారలోనే ఒక ముడి వేసింది. ఆ నారను తీసి క్రీస్తురాజు చేతికిచ్చింది.

"పోయి ఆ ఎద్దుల బండి చక్రానికి చుట్టు."

అతను చుట్టాడు. కొస సరిగ్గా ముడిని తాకింది. వాలు పలకలు కూడా అవే. క్రీస్తురాజు ఇంకోసారి చుట్టి చూశాడు. వెన్ను నొప్పికి కారణం దొరికిన ఆనందం అది.

"వచ్చేటప్పుడు తడి మట్టిలో ఈ బండి జాడ చూసినాను. చేప ముల్లు. ఆ పలకలు నేలను పట్టుకుని తోయడానికి. ఎద్దులు లాగే బండికి పట్టు ఎందుకు? దానివల్ల మోత తప్ప లాభం లేదు. మద్రాసులో కొనేవాడు నున్నటి టైర్లు కొంటాడు గానీ ఇవి కొనడు. ఉన్నవి తెచ్చుకునేవాడికే ఇవి పనికొస్తాయి."

హజరత్తయ్య ఎత్తి పట్టుకున్న పంచె అంచు చేతిలోంచి జారి మట్టిలో పడింది. ఆయన చూసుకోలేదు.

"మస్తానూ," అంది చెంచులక్ష్మి. "చెప్పు."

మస్తానయ్య ఎద్దు మెడలో మువ్వ పట్టుకుని అది మోగకుండా నొక్కాడు. "పాత జీపు టైర్లక్కా మన బండికి. పెళ్ళి వాళ్ళు బండి అడిగినారు. ఊరేగింపులో టైరు పగిలితే పరువేం కావాల? కొట్టంలో ఇవి ఊరకే ఉండాయి. చక్రానికి సరిపోయినాయి. పెళ్ళి కాగానే మార్చేద్దామనుకున్నా. అందరూ బండి బాగుండాదన్నారు. టైరు టైరే గదా, రెండు బోడివైతే మాత్రం ఏమవుతాదిలే అనుకున్నా. గొట్టం ఇరుగుతాదని నాకేం తెలుసు?"

"తెలియదు. ఒప్పుకుంటాను," అంది ఇందిరమ్మ. "టైర్లు మార్చింది తెలియక. దరియావలిని స్టేషనుకు పంపిస్తుంటే నోరు మూసుకుని ఉన్నది మాత్రం తెలిసే."

హజరత్తయ్య దరియావలి ముందుకు వెళ్ళి, భుజం మీద చెయ్యి వేశాడు.

"లీవరుకు చమురు అక్కరలేదంటావా?"

"అక్కరలేదయ్యా," అన్నాడు దరియావలి. "టైర్లు ఇప్పించండి చాలు."

సాయంత్రానికి ఎవరి టైర్లు వాళ్ళకు చేరాయి. జీపు టైర్ల మీద తన ప్రాణం పెట్టనని క్రీస్తురాజు అన్నందువల్ల, చిన్నపోలయ్య కర్ర చక్రాల బండిలో వాళ్ళు బస్సుకు వచ్చారు. తర్వాత నెల్లూరు లేతు షాపులో కొత్త గొట్టం తయారైంది. అది బిగించిన రోజు దరియావలి తనంతట తానే నాలుగు టైర్లకూ ముగ్గు చుక్కలు పెట్టి నడిపి చూశాడని, నాలుగూ కలిసి లేచి కలిసి దిగాయని కబురొచ్చింది.

*

మరుసటి ఏడు పండక్కి ఇందిరమ్మ, క్రీస్తురాజు స్వర్ణాల చెరువుకు వెళ్ళారు. ఈసారి ఇందిరమ్మకు ఏ కోరికా లేదు. జనాన్ని చూద్దామని వచ్చింది. మోకాటి లోతు నీళ్ళలో హజరాబీ తల మీద కొంగు కప్పుకుని, "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని పిలుస్తోంది. గుంపులోంచి ఒక చెయ్యి ముందుకు చాచుకుని వచ్చింది. దానికి పట్టు లాల్చీ లేదు. నూలు చొక్కా.

బావ మస్తానయ్య దగ్గర తాళాలు తీసుకుని, పనిలోంచి తప్పించి చాలాకాలమైంది. ఇచ్చేది ఎవరో అతను రొట్టె పట్టుకున్నాక గానీ చూడలేదు. చూశాక చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

హజరాబీ రొట్టె వదల్లేదు. కొంచెంసేపు ఇద్దరూ చెరొక అంచు పట్టుకుని నిలబడ్డారు.

"రవ్వంత వెనక్కి జరుగన్నా," అంది ఆమె. "బిగుసుకోవద్దు. అప్పుడు వస్తాది."

అతను ఒక్క అడుగు వెనక్కి వేశాడు. రొట్టె అతని చేతికి వచ్చింది.