మూలం తెలియదు

నిఘంటువు ఆఫీసులో ప్రధాన సంపాదకుడు తన కుర్చీలోనే చనిపోయాడు. డాక్టర్ గుండెపోటన్నాడు. చెవి వెనక సూదిమొనంత ఎర్రచుక్కను చూసింది ఒక్క ప్రూఫ్‌రీడరే.

అతను పేరుకే ప్రూఫ్‌రీడర్. అసలు జీతం సీక్రెట్ సర్వీస్‌ది. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వే ఆ పాత భవనంలోనే సర్వీస్ తన కోడ్‌బుక్ దాచుకుంది. అది శత్రువుకు చిక్కితే సరిహద్దు అవతలి ఏజెంట్లు ఒక్కరూ మిగలరు. వాళ్లలో అతని తమ్ముడొకడు.

నెల తిరిగాక బాస్ ఫోన్ చేశాడు.

"కోడ్‌బుక్ ఉన్న లాకర్ కొత్త ఎడిటర్ మేడమ్‌కి అప్పగించు. ఆవిడ డబుల్ ఏజెంట్. వాళ్ల ఉప్పు తింటూ మన పని చేస్తోంది. పోయిన ముసలి ఎడిటర్ శిష్యురాలు. నువ్వు రాకముందు ఏళ్ల తరబడి ఆయన దగ్గరే పని నేర్చుకుంది. అయినా నీకు చెప్పాలా, రోజూ కలిసి కాఫీ తాగుతున్నారటగా."

"కాఫీ కబురు కూడా మీదాకా వచ్చిందా సార్?"

"మనది గూఢచారి శాఖ. పెళ్లిళ్ల బ్యూరో కాదు. తాళం ఇవ్వు."

మధ్యాహ్నం ఆమె గదిలోకి వెళ్లాడు. మెడకు నీలం సిల్కు స్కార్ఫ్, వేళ్ల మధ్య బంగారు పెన్ను. ఆమెను చూడగానే గుండెలో ఏదో వదులయ్యేది. దాన్ని ప్రేమ అనడానికి అతనికి సిగ్గు. అనకపోవడానికి భయం.

అలవాటుగా దొంగ మైకులు పట్టే డిటెక్టర్ తీసి గోడల వెంట నడిపాడు.

"బగ్‌ల కోసమా?" నవ్విందామె.

"అవును. ఇంతకీ ఆ 'బగ్' అన్న మాట ఎక్కడిది మేడమ్?"

ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడంతే. లాకర్‌లో తాళంచెవి పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు.

"మొదట దయ్యం," వెనకనుంచి ఆమె గొంతు పాఠంలా సాగింది. "చీకట్లో పిల్లల్ని భయపెట్టేది. రాత్రిళ్లు దయ్యంలా పీడిస్తుంది కాబట్టి నల్లి. నల్లిలా దూరి పాడుచేస్తుంది కాబట్టి మెషీన్లో లోపం. గోడలో నల్లిలా నక్కుతుంది కాబట్టి మీరు వెతుకుతున్న దొంగ మైకు. ఒకదాన్నుంచి ఒకటి పుట్టాయి. అంతే."

తాళంచెవి సగంలో ఆగింది.

ముసలాయన ఏళ్ల తరబడి తల బాదుకున్న మాట అది. "దయ్యానికీ నల్లికీ చుట్టరికం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఊహకి ముస్తాబు చేసి కూర్చోబెట్టకురా అబ్బాయ్. తెలియకపోతే తెలియదని రాయి" అనేవాడు. ఆయన కింద ఒక్క నెల పనిచేసినవాడికైనా ఇక్కడ నాలుక తడబడాలి. ఆమెకు తడబడలేదు. అన్నీ అతికినట్టు కుదిరే పుట్టుక ఏజెంట్లు అల్లుకునే కవర్ స్టోరీకే ఉంటుంది. తన కవర్ స్టోరీలోనూ ఒక్క చిల్లు లేదు. నిజం బతుకులో అయితే సొంత తల్లి ముఖమే సరిగ్గా గుర్తురాదు.

సెంటు వాసన చెవి దగ్గరికొచ్చింది.

బల్లమీది నిఘంటువు సంపుటం ఎత్తి చెవికి అడ్డుపెట్టుకున్నాడు. పెన్నులోంచి సూది అట్టలో దిగింది. చొక్కా గుండీ నొక్కాడు. బైండింగ్ గదిలోంచి, అక్కడ పుస్తకాలు కుట్టే వేషంలో ఉన్న సర్వీస్ మనుషులు పరుగెత్తుకొచ్చారు.

"ఎక్కడ తప్పాను?" చేతులు వెనక్కి విరిచి కడుతుంటే అడిగిందామె.

"ఎక్కడా తప్పలేదు. అదే."

"నేనంటే ఇష్టం కదూ మీకు?"

"ఇప్పటికీ."

"ఇంకో క్షణం ఊరుకుని ఉంటే ఆ ఇష్టంతోనే పోయేవారు. మీకూ హాయి."

అతను తాళంచెవి వెనక్కి తిప్పి జేబులో వేసుకున్నాడు. తమ్ముడు బతికాడు. ఏ దేశంలో, ఏ పేరుతో బతుకుతున్నాడో మాత్రం అతనికి ఎవరూ చెప్పరు.

సాయంత్రం మళ్లీ బాస్ ఫోన్.

"శభాష్. రిపోర్టులో ఒక్కటే మిగిలింది. నెల రోజులు ఆవిణ్ణి ఎలా నమ్మావు?"

"శిష్యురాలని చెప్పింది మీరే కదా సార్."

"నేను నమ్మడం డిపార్ట్‌మెంటు పొరపాటు. నువ్వు నమ్మడానికి కారణం రాయాలి."

అతను చల్లారిన రెండు కాఫీ కప్పులకేసి చూశాడు.

"తెలియదని రాసుకోండి సార్. ఈ ఆఫీసులో అదీ జవాబే."